సవరణ: నొప్పి లేదని వదిలేయకండి

మర్మాంగాల దగ్గర వచ్చే పొక్కుల గురించి మొన్న రాసినదాంట్లో "నొప్పి, దురద లేకపోతే పట్టించుకోనక్కర్లేదు" అన్నాను. అది తప్పు. సిఫిలిస్ అనే సుఖవ్యాధి పుండు సాధారణంగా నొప్పి పెట్టదు. ఎక్కువగా ఒక్కటే వస్తుంది, అంచు గట్టిగా ఉంటుంది. మందు వాడకపోయినా 3 నుంచి 6 వారాల్లో మానిపోతుంది. జబ్బు మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చే పులిపిర్లూ చాలామందికి నొప్పి పెట్టవు.

మిగతాది మార్చడం లేదు. శిశ్నం తల అంచున వరసగా పేర్చినట్టుండే 1-2 మిల్లీమీటర్ల బుడిపెలు, ఆవగింజంత లేత పసుపు ఫోర్డైస్ చుక్కలు జబ్బులు కావు, అంటుకోవు.

గాజువాకలో మా మందుల షాపుకొచ్చే కుర్రాళ్లు జనం పల్చబడేదాకా ఆగి, ఫోన్ వెలుతురు తగ్గించి మరీ ఫొటో చూపిస్తారు, "ఏదైనా క్రీమ్ ఇవ్వన్నా" అని. ఇవ్వను. స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ రాస్తే అసలు జబ్బేదో పోల్చుకోవడమే కష్టం. కొత్తగా వచ్చినా, పెరుగుతున్నా, పుండైనా, రక్తం కారినా డాక్టరు చూడాల్సిందే, గర్భిణులైతే మరీను. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో చర్మ, సుఖవ్యాధుల ఓపీ ఉంది. ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లలో పరీక్ష, మందులు ఉచితం.