ఆ పిటిషన్ మీద నేను సంతకం పెట్టను

ఇవాళ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక పీడీఎఫ్ పడింది. "శిక్షణ విమానాల శబ్దం వల్ల నివాసితులకు కలుగుతున్న ఇబ్బందులు" అని పైన పెద్దక్షరాల్లో హెడ్డింగు. కింద 22 సంతకాలు. ఇరవై మూడోది నాది కావాలట. మేముండేది హైదరాబాద్ శివార్లలో, గండిమైసమ్మ దాటాక. పొద్దున ఎండ వచ్చేసరికి దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ వైపు నుంచి చిన్న విమానాలు ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. మిక్సీలో పొడి పప్పు వేసినట్టు ఒక గొంతు, దూరం పోయేకొద్దీ సన్నబడుతుంది. బాల్కనీలో బట్టలు ఆరేస్తూ రోజూ చూస్తాను. నాకు అదొక గడియారం.

పిటిషన్ పెట్టుకుంటే పెట్టుకోనీ, మామూలుగా అయితే చూసి వదిలేసేవాణ్ని. కానీ దాని కింద మా 402 గారు ఒక కామెంటు పెట్టారు. "పిల్లకాయలకు నడపడం రాదండీ, ఏదో ఒక రోజు మన నెత్తిన పడేస్తారు. ఈ ట్రైనింగ్ క్రాష్‌లన్నీ పైలట్ ఎర్రర్లే." పక్కన పళ్లికిలించే ఎమోజీ. దానికి తొమ్మిది మంది బొటనవేలు చూపించారు. అప్పటి నుంచి నాకు టీ కూడా దిగలేదు.

ముందు ఒక మాట. ఆ అకాడమీ అక్కడ 1971 నుంచి ఉంది. మన అపార్ట్‌మెంట్‌కు 2019లో గృహప్రవేశాలు జరిగాయి. ఎవరు ఎవరి మీదికి వచ్చారో లెక్క వేయడానికి చార్టర్డ్ అకౌంటెంట్ అక్కర్లేదు, అయినా 402 గారు ఆ పనే చేస్తారు కాబట్టి ఆయన్నే వేయమనండి. ఫ్లాట్ కొనేటప్పుడు "ఇటు పక్క అంతా ఎయిర్‌ఫోర్స్ వాళ్ల జాగా సార్, బిల్డింగులు లేవవు, గాలే గాలి" అని బిల్డర్ చెప్తే తల ఊపి ఈస్ట్ ఫేసింగ్‌కు అదనంగా కట్టిందీ మనమే. గాలి కావాలి, గాల్లో తిరిగేవి మాత్రం వద్దు.

సరే, పైలట్ ఎర్రర్.

దీపక్ అని ఒక విమానం ఉండేది. హెచ్‌పీటీ-32. మన ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ చేసిందే. ఓనమాలు దిద్దే కేడెట్‌ను మొట్టమొదట కూర్చోబెట్టేది అందులోనే. ముందర ఒకే ఒక్క పిస్టన్ ఇంజన్. ఆ ఇంజన్‌కు ఇంధనం సరిగా అందక గాల్లోనే ఆగిపోయే జబ్బు. ఆగితే గాలిలో తేలుతూ కాస్త దూరం పోయి ఏ పొలంలోనో దించుకోవచ్చా అంటే, అది గాలిపటంలా తేలే రకం కాదు, రాయిలా దిగే రకం. పోనీ సీటుతో సహా బయటికి దూకేద్దామా అంటే ఎజెక్షన్ సీటే లేదు. దాని సర్వీసు మొత్తంలో 17 ప్రమాదాలు, 19 మంది చచ్చిపోయారు. చివరికి 2009 జులై 31న మన మెదక్ జిల్లాలోనే ఒకటి కూలింది. అందులో ఉన్నది ఎవరు? ఇద్దరు వింగ్ కమాండర్లు. పిల్లకాయలు కాదు 402 గారూ, పిల్లకాయలకు నేర్పే స్థాయివాళ్లు. వాళ్లకూ నడపడం రాదా?

ఆ తర్వాత దాన్ని నేలమీద నిలబెట్టేశారు. నిలబెట్టాక కూడా దాన్ని ఎలా బతికించాలని ఆలోచించారో తెలుసా? మొత్తం విమానానికే ఒక పెద్ద పారాచూట్ కడితే ఎలా ఉంటుందని! ఇంజన్ ఆగితే విమానం గొడుగు వేసుకుని మెల్లగా దిగుతుందన్నమాట. ఇంజన్ ఆగకుండా చేయడం కంటే గొడుగు కుట్టించడం తేలికని తోచింది ఎవరికో. మా ఇంట్లో వాన కారితే బకెట్ పెట్టే మా అసోసియేషన్ లాగే. (ఐదో అంతస్తు వాళ్లకు తెలుసు నేను దేని గురించి అంటున్నానో.)

దీపక్ బదులు పిలాటస్ అనే కొత్త ట్రైనర్లు స్విట్జర్లాండ్ నుంచి వచ్చేదాకా, అంటే 2013 దాకా, కొత్త కేడెట్లను నేరుగా కిరణ్ అనే జెట్ ఎక్కించి నడిపించారు. ఆ కిరణ్ మొదటిసారి గాల్లోకి లేచింది 1964లో. మా అమ్మ అప్పటికి స్కూలుకు వెళ్లడం లేదు, పలక కూడా కొనలేదు. అదే రకం విమానం 2017లో కీసర దగ్గర, 2018లో యాదాద్రి జిల్లాలో కూలింది. రెండుసార్లూ లోపలున్నవాళ్లు సీటుతో బయటపడ్డారు, అదృష్టం. కిరణ్ బదులు రావాల్సిన సితార 2003లో ఎగిరింది. స్పిన్‌లో, అంటే గిరగిరా తిరుగుతూ కిందికి పడే స్థితిలో పడితే బయటికి రాదని తేలి ఏళ్లకేళ్లు మరమ్మతులు. 2025లో దానికి యశస్ అని పేరు పెట్టారు. విమానం స్క్వాడ్రన్‌కు చేరలేదు గానీ నామకరణం మాత్రం రెండోసారి అయింది. భోజనాలు ఎప్పుడో.

అసలు మంట ఇది కాదు. అసలు మంట మిగ్‌లది, రష్యా నుంచి తెచ్చిన ఫైటర్ జెట్లది.

1982లో లా ఫాంటేన్ కమిటీ అని ఒకటి చెప్పింది, మన కుర్రాళ్లు నెమ్మదైన ట్రైనర్ మీంచి నేరుగా మిగ్-21 ఎక్కుతున్నారు, మధ్యలో ఒక మెట్టు కావాలి, అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ కొనండి అని. మిగ్-21 అంటే రన్‌వే మీద దిగేటప్పుడే గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగం. టీవీఎస్ ఫిఫ్టీ మీద నేర్చుకున్నోడికి టిప్పర్ తాళాలిచ్చి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కమన్నట్టు. కమిటీ చెప్పింది 1982లో. ఆ మెట్టుగా హాక్ అనే జెట్ ట్రైనర్ కొనడానికి సంతకం పెట్టింది 2004లో. బీదర్‌లో అది చేతికొచ్చింది 2008లో. మధ్యలో ఎన్ని ప్రభుత్వాలు మారాయో, ఎన్ని ఫైళ్లు ఏ బల్ల మీద నిద్రపోయాయో వదిలేయండి. కమిటీ రిపోర్టు ఇచ్చిన రోజున పుట్టిన పిల్లాడు పెరిగి, డిగ్రీ చేసి, ఎయిర్‌ఫోర్స్‌లో చేరి, మెట్టు లేని ఆ గోడే దూకి ఉంటాడు. 2012లో రక్షణ మంత్రి ఆంటోనీ గారే పార్లమెంటులో చెప్పిన లెక్క ఇది: అప్పటికి నలభై ఏళ్లలో మిగ్ ప్రమాదాలు 482, చచ్చిపోయిన పైలట్లు 171 మంది, కింద నేలమీద ఉన్న మామూలు జనం 39 మంది. కారణాలు ఏంటంటే మనుషుల తప్పులు, సాంకేతిక లోపాలు అన్నారు. మనుషుల తప్పులట. ఏ మనుషులు? ఢిల్లీలో ఇరవై రెండేళ్లు ఫైలు మీద కూర్చున్న మనుషులా?

పైలట్లు తప్పులు చేయరని నేననడం లేదు. నేర్చుకునేవాడు తప్పు చేస్తాడు. చేయకపోతే పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఎందుకు, దండగ జీతం. తప్పు చేసినా బతికి బయటపడేలా ఉండాలి ట్రైనర్ విమానం. దానికి ట్రైనర్ అని పేరు పెట్టిందే అందుకు.

ఇంతకీ ఇది మన దగ్గరే అనుకోకండి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఇంగ్లీషోళ్ల దగ్గర మీటియర్ అని రెండు ఇంజన్ల జెట్ ఉండేది. రెక్కకో ఇంజన్. ఒకటి ఆగిపోతే రెండోది విమానాన్ని పక్కకు తోసేస్తుంది, పైలట్ తోక చుక్కానిని తిప్పే రడ్డర్ పెడల్‌ను కాలితో బిగబట్టి తొక్కి ఆపాలి. వేగం ఒక హద్దు కంటే తగ్గితే మాత్రం ఎంత బలమైన కాలైనా చాలదు, తిరగబడి నేలను కొడుతుంది. కాబట్టి ఏం చేశారు? ఇంజన్ ఆగితే ఏం చేయాలో నేర్పడానికి, గాల్లో నిజంగానే ఒక ఇంజన్ ఆపేసి ల్యాండ్ చేయించారు. నిజంగా ఇంజన్ చెడిపోయి చచ్చినవాళ్ల కంటే, చెడిపోతే ఎలా అని ప్రాక్టీసు చేస్తూ చచ్చినవాళ్లే ఎక్కువయ్యారు! ఆ దేశపు ఎయిర్‌ఫోర్స్ ఒక్క మీటియర్లే 890 పోగొట్టుకుంది, 450 మంది దాకా పైలట్లు పోయారు. యుద్ధంలో కాదు స్వామీ, శాంతి కాలంలో. ఇరవై ఏళ్ల కుర్రాడు సార్ చెప్పినట్టే ఇంజన్ ఆపి, సార్ చెప్పినట్టే తొక్కి, కాలు చాలక చచ్చిపోతే అది ఎవరి ఎర్రరు? జర్మనోళ్ల స్టార్‌ఫైటర్ అనే ఫైటర్ జెట్ల కథ ఎత్తితే ఇంకో పోస్టు అవుతుంది. వాళ్లు 292 పోగొట్టుకున్నారు. అమెరికా ఎడారిలో మబ్బులేని ఆకాశం కింద నేర్పి తీసుకొచ్చి ముసురు పట్టిన జర్మనీలో వదిలారు.

ఇదంతా గ్రూపులో రాస్తే 402 గారు ఢాకా వీడియో పంపారు. 2025 జులైలో స్కూలు మీద కూలిన ట్రైనింగ్ విమానం. 30 మందికి పైగా పోయారు, ఎక్కువమంది పిల్లలే. "ఇప్పుడేమంటారు?" అని అడిగారు. ఏమంటాను. ఆ వీడియో నేను అప్పుడే పూర్తిగా చూడలేకపోయాను, ఇప్పుడూ చూడలేను. అదీ మిగ్-21కి చైనాలో పుట్టిన తమ్ముడే. అంత పాత డిజైన్‌ను అంత ఇరుకు ఊరి నడిమధ్య ఎగరనిచ్చింది ఎవరో అడగండి, లోపల ఒక్కడే కూర్చున్న కుర్రాణ్ని కాదు. వాడు చెప్పుకోవడానికి కూడా మిగల్లేదు.

మాకు దగ్గర్లోదీ ఉంది. 2023 డిసెంబర్ 4. తూప్రాన్ మండలం రావెల్లి. మా మేనమామ వాళ్లది ఆ పక్కనే. పొద్దున తొమ్మిదవుతుండగా ఫోన్ చేశాడు, "గుట్టల్ల పొగ లేస్తుంది రా, ఇమానం పడ్డదంటున్నరు" అని. దుండిగల్ నుంచి వెళ్లిన పిలాటస్. ఒక ఇన్‌స్ట్రక్టర్, ఒక కేడెట్, ఇద్దరూ పోయారు. ఆ రోజు మధ్యాహ్నానికల్లా యూట్యూబ్ ఛానళ్లలో తేల్చేశారు, "పైలట్ తప్పిదమేనా?" ఇంకా పొగ ఆరలేదు. ఆ ప్రశ్నార్థకం చూశారా, దాని వెనక దాక్కుని ఏమైనా అనొచ్చు.

పక్షుల సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కింద ఎగిరే చిన్న విమానానికి గద్ద కంటే పెద్ద శత్రువు లేదు. ఇంజన్‌లో పడినా, ముందున్న అద్దానికి తగిలినా అంతే. గద్దలు ఎందుకొస్తాయి? మన కాంపౌండ్ గోడ వెనక ఖాళీ ప్లాటులో ఆదివారం సాయంత్రం ఒకసారి చూడండి. నల్ల కవర్లు, చికెన్ తోలు, పేగులు. పైన గుండ్రంగా తిరిగే గద్దల్ని నేను పదిహేడు దాకా లెక్కపెట్టాను, తర్వాత ఎండకు కళ్లు మూతపడ్డాయి. ఆ కవర్లు నాలుగో అంతస్తు నుంచి ఎవరు విసురుతారో పేరు చెప్పను. పిటిషన్‌లో మొదటి సంతకం చూస్తే చాలు.

మీకు అనిపిస్తుండొచ్చు, వీడికెందుకు ఇంత మంట, వీడి కొడుకేమైనా పైలటా అని. కాదు. మా నాయిన బస్సు డ్రైవర్. ఏ బస్సో నేను రాయను, ఎక్కడ రాయాలో ఆయన అప్పుడే రాశాడు. లాగ్ షీటులో మూడు రోజులు వరసగా రాశాడు, బ్రేకు సరిగా పట్టడం లేదని. మూడు రోజులూ కింద వేరే చేతిరాతతో "చూడబడినది" అని రాసి, గుండ్రంగా ఒక సంతకం. నాలుగో రోజు దిగుడులో బస్సు ఆగలేదు. ఎదురుగా జనం ఉంటే నాయిన చింతచెట్టు వైపు తిప్పాడు. ఎవరూ పోలేదు, నాయిన మోకాలు పోయింది. ఎంక్వైరీలో తేలింది ఏంటో తెలుసా? డ్రైవర్ నిర్లక్ష్యం. రెండు ఇంక్రిమెంట్లు కోత. లాగ్ షీట్లు అడిగితే ఆ నెలవి దొరకలేదన్నారు. చింతచెట్టు మాత్రం దొరికింది, దాని ఫొటో ఫైల్లో పెట్టారు.

"నేను మూడుసార్లు రాసిన బిడ్డా" అని ఆయన చివరిదాకా అంటూనే ఉండేవాడు. పెళ్లిళ్లలో, హాస్పిటల్ లైన్లో, ఎవరూ అడగకపోయినా. రాసినోడికి మోకాలు పోయింది, "చూడబడినది" అన్నోడికి ప్రమోషన్ వచ్చింది. విమానం కూలినప్పుడల్లా, టీవీలో "పైలట్ ఎర్రర్" అనే ఆ రెండు ముక్కలు స్క్రోలింగ్ వెళ్లినప్పుడల్లా, నాకు ఆ గుండ్రటి సంతకమే కనిపిస్తుంది. దీపక్ ఇంజన్ల కింద కూడా ఎవరో ఒకరు "చూడబడినది" అని రాసే ఉంటారు.

402 గారు ఇప్పుడే ఇంకో మెసేజ్ పెట్టారు. "పర్సనల్‌గా తీసుకోకండి బ్రో, జనరల్‌గా అన్నాను." నేను ఆయనకు బ్రో ఎప్పుడయ్యానో తెలీదు. సెక్రటరీ గారు "దయచేసి గ్రూపులో వాదనలు వద్దు, సంతకాలకు రేపు సాయంత్రం ఆఖరు" అని పెట్టారు.

సెక్రటరీ గారూ, నాకు ఆఖరు తేదీ అక్కర్లేదు. పెట్టను. ఇరవై మూడో గడి ఖాళీగానే పంపండి. ఆ ఖాళీ ప్లాటులో కవర్లు ఎప్పుడు తీయిస్తారో అది చెప్పండి, ఆ కాగితం మీద ముందు నేనే పెడతాను. పొద్దున విమానాలు లేచే టైముకు నేను బాల్కనీలోనే ఉంటాను, బట్టలు ఆరేస్తూ. తెచ్చివ్వండి.