మహారాజశ్రీ ఐదు శాతం గారికి

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ అమెరికాలో బడులు కౌలుకిచ్చిన రేడియో తరంగాల్లో చదువుకి మిగలాల్సిన వాటా అయిన తమరు, 2020 ఏప్రిల్‌లోనే రూల్సు పుస్తకం నుంచి కాలం చేశారు. కాబట్టి కుశలం మా ఒక్క పక్షానిదే.

తమ వంశం గొప్పది. 1963లో రేడియో తరంగాలను పంచిపెట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ వారు 2500 నుంచి 2690 మెగాహెర్ట్జ్ దాకా గాలిని (అంటే ఆ తరంగాల పట్టీని) 6 మెగాహెర్ట్జ్ చొప్పున 31 ఛానళ్ళుగా కోసి, పాఠాలు ప్రసారం చేసుకోమని బడులకు రాసిచ్చారు. పెద్దగా ఎవరూ వాడడం లేదంటూ 1983లో 8 ఛానళ్ళు వైర్‌లెస్ కేబుల్ (తీగ లేకుండా టీవీ అందించే) వాళ్ళకు మళ్ళించారు. చివరికి బడుల చేతిలో 20 మిగిలాయి. వాటిలో 'మిగులు' ఉంటే కంపెనీలకు కౌలుకిచ్చుకోవచ్చన్నారు. అక్కడి నుంచి కథ మన దేవుడి మాన్యం కథే: పట్టా దేవుడి పేర, పంట కౌలుదారు ఇంట, గుళ్ళోకి గుప్పెడు ప్రసాదం. ఆ గుప్పెడే తమరు.

మొదట షరతు గట్టిగానే ఉండేది: ఛానల్‌కు వారానికి 20 గంటలు పాఠాలు. అనలాగ్ టీవీలో ఒక ఛానల్లో ఒక్కసారి ఒకే పాఠం వస్తుంది, గడియారం చూసి లెక్క రాసుకోవచ్చు. డిజిటల్ వచ్చాక తమరు అవతరించారు: సామర్థ్యంలో 5 శాతం చదువుకి. 20 గంటల రూలును కూడా తమ పక్కనే కూర్చోబెట్టారు. బ్రాడ్‌బ్యాండ్‌లో అందరి డేటా ప్యాకెట్లూ ఒకే గొట్టంలో పోతాయి. అందులో ఏది ఆల్జీబ్రా, ఏది క్రికెట్ అని గంటల్లో ఎవరు కొలుస్తారు? ఎవరూ కొలవలేదు. కౌలు ఒప్పందంలో బడికి కాసిన్ని కనెక్షన్లు రాసి, తమరిని గౌరవించామన్నారు.

2004లో ఈ సేవకి 'ఎడ్యుకేషనల్ బ్రాడ్‌బ్యాండ్' అని కొత్త పేరు పెట్టి, ఒక్కో బడి నాలుగు ఛానళ్ళను మార్చి పేర్చారు: 5.5 మెగాహెర్ట్జ్‌వి మూడు ఒకచోట వరసగా, పాఠాల టీవీ కోసం 6 మెగాహెర్ట్జ్‌ది ఒకటి మధ్య భాగంలో. వరసగా ఉన్న 16.5 మెగాహెర్ట్జ్ ఫోను కంపెనీకి ముద్దొచ్చింది. కౌలు గడువు 30 ఏళ్ళ దాకా. అందులో తమ వాటా కట్టి చూస్తే 0.825 మెగాహెర్ట్జ్. మహారాజా, ఎంత విశాల సామ్రాజ్యం!

బడి లైసెన్సు చెల్లే హద్దు మరో వింత. టవర్ చుట్టూ 35 మైళ్ళ వ్యాసార్థంతో వృత్తం గీస్తారు. రెండు వృత్తాలు ఒకదాని మీదికి ఒకటి వస్తే, అవి ఖండించుకునే రెండు బిందువుల్నీ కలుపుతూ గీత గీసి చెరి సగం పంచుతారు. ఏ వృత్తంలోకీ రాని నేల దేశంలో దాదాపు సగం, ఎక్కువగా పల్లెలు. 1995 తర్వాత కొత్త లైసెన్సుల దరఖాస్తులే తీసుకోలేదు కాబట్టి ఆ పల్లె బళ్ళ నెత్తిన గాలి రెండు దశాబ్దాలకు పైగా ఖాళీగానే ఉండిపోయింది. వాడడం లేదన్నది నేరమైతే, వాడనివ్వకపోవడం ఏమిటో తమరే సెలవివ్వాలి.

2019 జూలైలో ఎఫ్‌సీసీ తీర్పు వచ్చింది. రూలు అమలు కావట్లేదు, కాబట్టి రూలు వద్దు. 20 గంటలు, తమరు, 30 ఏళ్ళ పరిమితి, లైసెన్సు విద్యాసంస్థలకే ఉండాలన్న నియమం అన్నీ ఒకే ఉత్తర్వుతో పోయాయి. ఖాళీ భాగాలకు పల్లె ప్రాంతపు గిరిజన తెగలకు ముందు అవకాశమిచ్చారు (ఇది మాత్రం మెచ్చుకోవాలి). బడులకు ఆ ముందు వరస దక్కలేదు. ఉత్తర్వులో తమకు సంబంధించిన భాగం అమల్లోకొచ్చిన 2020 ఏప్రిల్‌లో బడులన్నీ మూతబడి, ఇంట్లో ఇంటర్నెట్ లేని పిల్లలు వైఫై కోసం పార్కింగ్ స్థలాల్లో కూర్చున్నారు. ముహూర్తం పెట్టిన వారికి నమస్కారం. మిగిలిన ఖాళీ భాగాలకు పెట్టిన 2022 వేలంలో 7,872 లైసెన్సులు అమ్ముడైతే 7,156 టీ-మొబైల్ అనే ఫోను కంపెనీకే వెళ్ళాయి.

డాలస్‌లో మనవాళ్ళ ఫోన్లలో కనిపించే ఎన్41 అనే 5జీ తరంగాల పట్టీ (బ్యాండ్) ఇదే. అందులో సగానికి పైగా ఒకప్పటి పాఠాల గాలి.

తమ వారసులు కొందరింకా ఉన్నారు: పాత లైసెన్సులు చేతిలో ఉన్న కాలేజీలు. వాటిని ఇప్పుడు ఎవరికైనా అమ్ముకోవచ్చు, కొనేవాళ్ళు ఫోన్లు చేస్తూనే ఉంటారు. దయచేసి కలలో కనిపించి వారికీ లెక్క చెప్పండి. ధర మెగాహెర్ట్జ్‌ని జనాభాతో గుణించి కడతారు: నాలుగు ఛానళ్ళూ కలిపి 22.5 మెగాహెర్ట్జ్, హద్దులో 10 లక్షల మంది అంటే 2.25 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు ఒక్క సెంటు తేడా వచ్చినా 2.25 లక్షల డాలర్లు అటోయిటో అవుతాయి. జనాభాను పూర్తి వృత్తానికి కాకుండా, గీత గీశాక ఆ కాలేజీకి మిగిలిన ముక్కకే లెక్కించాలి. ఇప్పటి కౌలుదారుకు మొదట కొనే హక్కు రాసిచ్చారేమో ఒప్పందంలో చూసుకోవాలి. ఇచ్చి ఉంటే బయటి కంపెనీ బేరానికి రావడానికే జంకుతుంది, ధర అక్కడే చితికిపోతుంది.

ఇట్లు,
తమ మాజీ లబ్ధిదారులు