తొడలోని మచ్చగారికి ఒక మనవి

మహారాజశ్రీ నా ఎడమ తొడ కండలోని గాయపు మచ్చగారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ‘ఇక్కడ నేను క్షేమం’ అని రాయడం రివాజు. కానీ మనిద్దరి కాపురం ఒకే ఒంట్లో కాబట్టి నా సంగతి మీకు తెలిసిందే. మొన్న బస్సు మెట్టు దగ్గర చూశారుగా.

బైకు మీంచి ఇనుప కంచె మీద పడ్డ రోజున తొడ ముందు కండ ముద్దగా ఊడొచ్చింది. ఏ బెణుకో, చిన్న చీలికో అయితే మీతో పనే పడేది కాదు, ఇంటి బిడ్డలే చూసుకునేవాళ్ళు. కండపోగు పైపొర కింద ముడుచుకు పడుకునే శాటిలైట్ కణాల మాట చెబుతున్నా. 1961లో అలెగ్జాండర్ మౌరో వాటిని కప్ప కండలో కనిపెట్టాడు. దెబ్బ తగిలితే లేస్తాయి, సంఖ్య పెంచుకుంటాయి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కొత్త పోగు నేస్తాయి. అందుకు పాత పోగు తొడుగు మిగిలుండాలి. మగ్గం లేందే నేతెక్కడిది? నా మగ్గం కంచెకే అంటుకుపోయింది.

ఆ సందులో తమరు దిగారు, ఇల్లరికపు అల్లుడిలా. అబద్ధమెందుకు, తెగిన కొసల్ని అప్పుడు పట్టి ఉంచింది మీరే. కానీ చచ్చిన సరుకును ఊడ్చే మాక్రోఫేజ్‌లు పని ముగించి వెళ్ళినా మీరు కదల్లేదు. మచ్చ పెంచమని కబురుపెట్టే ప్రోటీన్ టీజీఎఫ్-బీటా అనే మామగారు వడ్డించడం, మీరు కొల్లాజెన్ అనే గట్టి నార పేర్చడం! తోడుకి కాస్త కొవ్వునూ పిలిపించుకున్నారు. పోనీ పని చేస్తారా అంటే, ముడుచుకోవడం రాదు, లాగడం రాదు. పక్క కండ లాగుతుంటే మోకులా బిగుసుకుని కూర్చుంటారు.

నా తప్పూ ఉంది. తొలి కొద్దిరోజులే కదలకూడదు, ఆపైన చెప్పిన మేరకు కదిలిస్తేనే కొత్త పోగులు వరసలో పడతాయట. నేనేమో కుట్లు ఊడతాయని వారాల తరబడి మంచం దిగలేదు. దానికితోడు మా పెద్దమ్మ వేడి నూనెతో గట్టిగా మర్దన చేస్తానని బయల్దేరింది. పచ్చి దెబ్బను అలా నలిపితే కండలో ఎముక కూడా పుట్టొచ్చని ఫిజియోథెరపీ అమ్మాయి చెబితే, “కండలో ఎముకేంటే, నీ చదువు తగలెయ్య” అంది. నూనె గిన్నె మాత్రం పక్కన పెట్టింది.

మిమ్మల్ని కరిగించి ఆ చోట కండ మొలిపించే మందు ఏ మెడికల్ షాపులోనూ లేదు. కనుక ఖాళీ చెయ్యమనను. సోమవారం నుంచి మెట్లెక్కడం మొదలుపెడుతున్నా. మూడో మెట్టు దగ్గర కాస్త సాగండి, చాలు.

ఇట్లు,
తొడకు పేరుకే యజమాని
(కుడికాలి మీద నిలబడి)