మా ఊరి రైలు కట్ట కింది చెరువు గారికి

మహారాజశ్రీ రైల్వే అండర్ బ్రిడ్జి గారి సముఖానికి,

కట్టకు పడమట కాపురం, తూర్పున ఎరువుల కొట్టు ఉన్న పాపానికి రోజుకు నాలుగు సార్లు తమరి కడుపులో దూరి బయటికొచ్చే ఒక అభాగ్యుడు నమస్కరించి రాసుకున్న మనవి. ఇక్కడ మేమంతా కుశలం. బండి ఒక్కటే మెకానిక్కు దగ్గర పొట్ట విప్పుకొని పడుకోనుంది.

నిన్న ఆదివారం ఏం జరిగిందో తమరికి చెప్పక్కర్లేదు. జరిగిందే తమరి వాకిట్లో. అయినా చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

శనివారం రాత్రి వాన పడింది. తుపాను కాదు, వాయుగుండం కాదు, టీవీ వాళ్ళు గొడుగేసుకొని అరిచే రకం అసలే కాదు. కార్తీకంలో మన నెల్లూరు జిల్లాకు ఏటా వచ్చిపోయే మామూలు వాన. పొద్దున్నే మా ఆవిడ బొమ్మిడాయిల పులుసు పెట్టింది. వాళ్ళ తమ్ముడి కాపురం కట్ట అవతల. "ఆరిపోకముందే ఇచ్చేసి రాండి" అని మూడు గిన్నెల క్యారేజీ చేతిలో పెట్టింది. బండి హ్యాండిలుకు తగిలించుకొని బయల్దేరా.

తమరి దగ్గరికి వచ్చి నీళ్ళు చూశా. మోకాలి లోతు ఉంటుందేమో అనిపించింది. తమరి గోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత గీసి, నీళ్ళు ఈ గీత దాటితే దిగొద్దని రాసుంటారు కదా, ఆ గీత కోసం వెతికా. కనపడలా. గీత కనపడలేదంటే ఇంకా దాటలేదనుకున్నా. గీతే నీళ్ళ కింద మునిగి ఉందన్న సంగతి, సైలెన్సరు గుడగుడమని గుక్క తిప్పుకోలేక ఆగిపోయినాక గాని బుర్రకెక్కలా.

కాలు కింద పెడితే నడుం దాకా వచ్చినాయి. బండి ఒక పక్కకు ఒరిగింది, క్యారేజీ క్లిప్పు ఊడింది. వండిన చేప ఈదగా చూడటం నలభై ఏడేళ్ళ నా బతుకులో అదే మొదలు. చుట్టూ ఎర్రటి నూనె తెట్టె, మెంతుల వాసన, ఆరు బొమ్మిడాయిలు ఒకదాని వెనక ఒకటి తమరి తూర్పు వాకిలి వైపు తేలుకుంటా పోయినాయి. పోయింది మా బామ్మర్ది ఇంటి దిక్కుకే. అడ్రసు తెలిసినట్టే పోయినాయి.

సరిగ్గా అప్పుడే నెత్తిన గూడ్సు. బొగ్గు బండి. కదిలే దారి లేదు కాబట్టి లెక్కపెట్టా, 58 వ్యాగన్లు. నాలుగు వేల టన్నులకు అటూ ఇటూ సరుకు, కాలికి చెమ్మ తగలకుండా, నా ముందు దర్జాగా సాగిపోయింది. చివరి పెట్టెలో గార్డు నిలబడి ఉన్నాడు. క్షమించాలి, 2022 జనవరి నుంచి ఆయన్ని గార్డు అనకూడదంట, ట్రైన్ మేనేజరు అనాలంట. మేనేజరు గారు నన్ను చూశారు. నేనూ ఆయన్ని చూశా. చెయ్యెత్తబోయి, ఒక చేతిలో హ్యాండిలు, ఇంకో చేతిలో ఖాళీ గిన్నె ఉన్నాయని గుర్తొచ్చి మానుకున్నా.

తమరి మీద నాకు ఏ పగా లేదు. బొగ్గు మీద అసలే లేదు. ఆ బొగ్గుతోనే నేలటూరులో కరెంటు పుడుతుంది, ఆ కరెంటుతోనే మా ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది. నాకు అర్థం కానిదల్లా ఒకటే. చెర్లోపల్లికి రాపూరుకు నడుమ వెలిగొండలు తొలిచి 6.6 కిలోమీటర్ల సొరంగం వేశారు. గుర్రపు నాడా ఆకారం, లోపల కరెంటు తీగలు. కరెంటు బళ్ళు తిరిగే సొరంగాల్లో అప్పటికి దేశం మొత్తం మీద అదే పొడుగంట. 2019 సెప్టెంబరు 1న మన చవటపాళెం మనిషే, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారే దాన్ని ప్రారంభించారు. ఓబులవారిపల్లె నుంచి కృష్ణపట్నం దాకా 112 కిలోమీటర్ల లైనుకు రెండు వేల కోట్లకు కాస్త తక్కువగా ఖర్చయింది. ఎందుకయ్యా అంటే, రేవులో దిగిన సరుకు గూడూరు, రేణిగుంట చుట్టి పోకుండా అడ్డదారిన కడప వైపుకు పోవాలని. మంచిదే. బొగ్గుకు చుట్టు తిరుగుడు తప్పించాలని కొండనే తొలిచిన దేశంలో, నాకు చుట్టు తిరుగుడు తప్పించాలంటే గుంతలో నీళ్ళు తోడాలి. అంతే పని. కొండ తొలవడం తెలిసిన చేతులకు గుంత తోడటం రాదా?

మోటారు లేదా అంటే ఉంది. అదే నా కడుపుమంట. తమరి పక్కనే సంపు ఉంది, సంపు మీద రేకుల గూడుంది, గూట్లో మోటారుంది. ప్రారంభం నాడు దానికి వేసిన బంతిపూల దండ దారం ఇప్పటికీ దాని మెడలోనే ఉంది, పూలే రాలిపోయినాయి. స్టార్టరు పెట్టెలో తొండ కాపురం పెట్టింది. దాని సంతానాన్ని కూడా చూశా. కరెంటు కనెక్షను ఎవరియ్యాలి అని అడిగితే, బ్రిడ్జి సిమెంటు పెట్టె మాది, దారి మీది అంటారు రైలు పట్టాల వాళ్ళు. దారి మాది, గుంత వాళ్ళది అంటారు ఊళ్ళో వాళ్ళు. పోనీ, నీళ్ళెవరివి? ఆ ప్రశ్నకు ఇద్దరూ ఆకాశం వైపు చూస్తారు. నాలుగేళ్ళుగా ముగ్గురు పెద్దమనుషులకు మూడు అర్జీలు రాశా. ఒక దానికి జవాబొచ్చింది, "తగు చర్య నిమిత్తం పంపడమైనది" అని. ఎవరికి పంపారో వాళ్ళు కూడా అదే మాట రాసి ఇంకొకరికి పంపుంటారు. నా కాగితం ఇంకా తిరుగుతానే ఉంది. దానికి ఏ బ్రిడ్జీ అడ్డం రాలేదనుకుంటా.

వాన వెలిసినాక నీళ్ళు తీసేది ఎవరనుకున్నారు? పక్క కయ్య రైతు. సొంత ఆయిల్ ఇంజను తెచ్చుకొని, సొంత డీజిలు పోసుకొని, పైపేసి తన మళ్ళోకి తోడుకుంటాడు. సోమశిల కాలవలో చివరి కయ్యలకు నీళ్ళు రావడం మేం ఎరగం. తమరి దగ్గర మాత్రం నిండుగా ఉంటాయి. ఈసారి నాట్లు తమరి దయతోనే పడినాయని ఆయనే చెప్పాడు. కాబట్టి నాదొక విన్నపం. తమర్ని బ్రిడ్జి లెక్కలోంచి తీసేసి చిన్న నీటి వనరుల్లో కలిపేస్తే సరిపోతుంది. తూము పెడదాం, కట్ట ఎటూ ఉండనే ఉంది, గట్టిది, రైళ్ళకే ఆగుతుంది. ఏటా చేపల వేలం పాడుకుందాం. విత్తనం నిన్న నేను వేశా. కాస్త ఉడికిన విత్తనం, అంతే తేడా.

రొట్టెల పండగకు మేం స్వర్ణాల చెరువులో దిగి, కోరిక చెప్పుకొని రొట్టె పట్టుకుంటాం. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె. ఈసారి పోయినప్పుడు మోటారు రొట్టె ఎవరన్నా ఇస్తారేమో అడుగుతా. కోరిక తీరితే మళ్ళీ ఏడు నేనే రొట్టెలు చేసుకుపోయి పంచుతా, అందరికీ.

ఇంతలో మూడో లైనొకటి. విజయవాడ నుంచి గూడూరు దాకా 288 కిలోమీటర్లు, మూడు వేల కోట్ల పైమాట. గూడ్సులు ఒకదాని వెనక ఒకటి స్టేషన్ల పక్క పట్టాల మీద పడిగాపులు కాయకుండా హాయిగా పోవాలంట. ఆ లైను కోసం తమరికి పక్కన ఇంకో పెట్టె అతికించారు. తమరు పొడుగయ్యారు. చెరువూ పొడుగయ్యింది. అతుకు పెట్టిన చోట ఎండ కాసినా చుక్కలు పడతానే ఉంటాయి, నల్లగా. తెల్లచొక్కా వేసుకొని పెళ్ళికి పోవాలంటే మా ఊళ్ళో గొడుగు కావాలి. పామూరులో మా తోడల్లుడు మాత్రం నా బాధ వినగానే నవ్వుతాడు. 2011-12లో మంజూరైన 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి లైను ముక్కలు ముక్కలుగా రావడం చూసి చూసి ఆయన కళ్ళు కాయలు కాసినాయి. "నీకు తడవడానికన్నా ఒక బ్రిడ్జి ఉండాది బావా" అంటాడు. ఏం చెప్పను?

వరికోత మిషను తమరి కింద దూరదు. ఎత్తు చాలదు. వరిగడ్డి ట్రాక్టరూ దూరదు. ముందర కట్టిన ఇనప దూలానికి తగిలి రాలిన గడ్డిని మేకలు మేస్తాయి. వాటికి మాత్రం తమరంటే ప్రాణం.

నిజం చెప్పాలంటే తమర్ని తెచ్చుకుంది మేమే. గేటు ఉన్న రోజుల్లో దాన్ని తిట్టని నోరు లేదు. రెండు బళ్ళు దాటే దాకా ఎత్తేవాళ్ళు కాదు. ఇరవై నిమిషాలు, ఒక్కోసారి ముప్పావు గంట. అయితే అక్కడ ఉడికించిన శనక్కాయలు దొరికేవి. మా పెద్దమ్మాయి సంబంధం ఆ గేటు దగ్గరే కుదిరింది, గూడ్సు పోయేలోపల మాటలు, ఎక్స్‌ప్రెస్సు పోయేలోపల కట్నకానుకలు. గేటుమ్యాను పేరు పెట్టి పిలిచి, ఏ బండి వస్తుందో, ఎంతసేపు పడుతుందో చెప్పేవాడు. సంతకాలు పెట్టి, పెద్దమనుషుల్ని పట్టుకొని, మేమే దాన్ని పీకించాం. ప్రమాదాలు తగ్గుతాయన్నారు, బళ్ళు వేగంగా పోతాయన్నారు. పోతానే ఉన్నాయి. 2022 నుంచి ఈ లైను మీద గంటకు 130 కిలోమీటర్ల దాకా పోనిస్తున్నారు.

ఇక్కడే తమరు, గిమరు నా వల్ల కాదు. నువ్వే.

ఇవాళ సోమవారం. బడి ఉంది. ఇంకా నీ దగ్గర తొడ లోతు నీళ్ళుండాయి. బడి ఆటో రానంది. పిలకాయలు ఏం చేశారో నీకు తెలుసు కదా. నీ పక్కనుంచే కంకర కట్ట ఎక్కారు. చెప్పులు చేత్తో పట్టుకొని, సంచులు వీపున వేసుకొని, పట్టాలు దాటి అవతలికి దిగారు. రెండో తరగతి పిల్లని వాళ్ళన్న చంకనెక్కించుకున్నాడు. వాడికి పదేళ్ళు. కొట్టు తలుపు తీస్తా అవతలి పక్క నుంచి చూశా. అరిస్తే ఉలిక్కిపడి ఆగిపోతారేమోనని నోరు కూడా తెరవలేకపోయా. వాళ్ళు దిగిన కాసేపటికి ఒక బండి వచ్చింది. ఎంత కాసేపని అడగొద్దు. లెక్కపెట్టలా. నిన్న 58 వ్యాగన్లు లెక్కపెట్టినవాడినే, ఇవాళ ఒక్కటి లెక్కపెట్టలేకపోయా.

పిలకాయలు పట్టాలెక్కకూడదనే గదరా నిన్ను కట్టింది! గేటుంటే కనీసం ఒక మనిషుండేవాడు, రెండు కేకలేసేవాడు, పచ్చజెండా ఎర్రజెండా అన్నా ఉండేవి. నువ్వొచ్చి ఆ మనిషిని పంపేశావు. ఆ మనిషి బదులు తొండను పెట్టావు. మూడు వేల కోట్లలో ఒక కరెంటు మీటరు ఖరీదెంత? 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర కట్ట కోసుకుపోతే, వరదలో నిలబడి రాత్రింబవళ్ళు పనిచేసి రోజుల్లో పట్టాలు నిలబెట్టారు. వాళ్ళు చెయ్యగలరు. చూశాం. దండం కూడా పెట్టాం. కట్ట మీద నీళ్ళొస్తే దేశం మొత్తం లేస్తుంది, కట్ట కింద నీళ్ళొస్తే మాత్రం నా ఒక్కడికే తడి.

రాస్తా రాస్తా గొంతు పెంచేశా. ఏమనుకోకు. నీ తప్పేముంది, నువ్వు సిమెంటు పెట్టెవి. ఎవరు ఎక్కడ దించితే అక్కడ కూర్చున్నావు. రోహిణీ కార్తెలో మా ఊరంతటికీ నీ లోపలే చల్లన. మధ్యాహ్నం ముసలోళ్ళు నవారు మంచాలు తెచ్చుకొని నీ గోడ పక్కన పడుకుంటారు, ఐసు బండి వాడు కూడా అక్కడే ఆపుకుంటాడు. మొన్న ఎండాకాలం నేనూ ఒక గంట కునుకు తీశా. నెత్తిన గూడ్సు పోతుంటే నేలంతా సన్నగా అదురుతుంది, ఊయల ఊపినట్టు. అంత హాయిగా మా ఇంట్లో కూడా పట్టలేదు. మే నెలలో ఇంత మంచిదానివి నవంబరులో ఎందుకిట్టా మారిపోతావు?

బండికి పద్దెనిమిది వందలు అవుతుందన్నాడు మెకానిక్కు. ఇంజనులో పులుసు కూడా ఉందన్నాడు. నిజమో, నన్ను ఏడిపించడానికో తెలీదు.

ఇట్లు,
పడమటి పక్క కాపురం, తూర్పు పక్క కొట్టు.

తా.క.: నీళ్ళు తీసిన రోజు అడుగున స్టీలు క్యారేజీ మూత ఒకటి దొరుకుతుంది. మా ఆవిడ పుట్టింటి వాళ్ళు పెళ్ళికి పెట్టింది, దాని మీద వాళ్ళ నాన్న పేరు కొట్టించి ఉంటుంది. ఆయిల్ ఇంజను రైతుకు చెప్పి దాన్ని మా కొట్లో ఇప్పించు. బొమ్మిడాయిల సంగతి మేం చూసుకుంటాం.