ఏదీ కూలకపోతే సన్మానం దేనికి?

పోయిన ఆదివారం హనుమకొండలోని ఒక ఫంక్షన్ హాల్లో మా వీధి ఇంజినీరు సారుకు సన్మానం చేశారు. ఫ్యాక్టరీలు, చిమ్నీలు, కరెంటు ప్లాంట్లు భూకంపానికి తట్టుకునేలా డిజైన్ చేస్తూ ఆయన ముప్పై అయిదేళ్లు గడిపారట. బాధ్యత గల పౌరుడిగా ఈ సన్మానాన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను.

సన్మానానికి ఏదో ఒకటి జరిగి ఉండాలి కదా! వంతెన కూలితే కట్టినాయన పేరు పేపర్లో పడుతుంది. ఈయన కట్టించిన వాటిలో ఒక్కటీ కూలలేదు. ఏమని పొగడాలి? మైకు పట్టుకున్న నాయకుడికి అదే టెన్షన్. కాసేపు తడుముకుని రామప్ప గుడి అందుకున్నాడు. 1213లోనే మనోళ్లు ఇసుక పునాది వేశారని ఇరవై నిమిషాలు చెప్పి, సారు పేరు మరిచిపోయి కూర్చున్నాడు.

సారు నాకొకసారి చాయ్ తాగుతూ చెప్పారు. కరెంటు ప్లాంటులో పెద్ద బాయిలర్ నేల మీద కూర్చోదట, పైనున్న ఉక్కు దూలాలకు వేలాడుతుందట. వేడెక్కితే కిందికి సాగాలి కాబట్టి. భూమి కదిలితే అంత బరువూ ఉయ్యాలలా ఊగి పక్క స్తంభాలను గుద్దకుండా అడ్డుకట్టలు పెట్టాలి. ఇలాంటి కట్టడాల కోసమే ఐఎస్ 1893 అనే మన దేశపు భూకంప డిజైన్ నిబంధనల్లో నాలుగో భాగం ఉందట.

"మీ ఉయ్యాల ఎప్పుడన్నా ఊగిందా సార్?" అన్నాను.

"లేదు."

చూశారా! ఊగని ఉయ్యాలకు అంత ఇనుము.

నా ఇల్లు కట్టేటప్పుడూ ఇదే గోల. పిల్లర్ రింగుల కొసలు 90 డిగ్రీలు వంచితే చాలదు, 135 డిగ్రీలు వంచి లోపలికి పోనివ్వాలన్నారు. లేకపోతే ఊపుకు పై కాంక్రీటు పెచ్చులూడి, రింగు విచ్చుకుని, నిలువు రాడ్లు వంగిపోతాయట. మా మేస్త్రి బీడీ తీసి, "మన వరంగల్ల భూకంపమేంది సారూ!" అన్నాడు. అనుభవం ఉన్నోడి మాట. 1969లో భద్రాచలం దిక్కు 5.7 వచ్చిందని సారు అంటూనే ఉన్నారు, మేము 90కే వంచేశాం.

2024 డిసెంబర్ 4, పొద్దున 7:27. ములుగు దిక్కు భూమి కదిలింది. 5.3. లుంగీ పట్టుకుని అందరికన్నా ముందు నేనే కిందికి ఉరికి, కార్ల కోసం గోడల్లేకుండా వదిలిన పార్కింగ్‌లో, సరిగ్గా ఇంటి కిందే నిలబడ్డాను. సారు వచ్చి చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి లాగారు. ఇల్లు మాత్రం చెక్కుచెదరలేదు. మేస్త్రి మాటే నెగ్గింది! సారుకు అదే చెప్పాను. ఆయన జవాబివ్వకుండా నా పిల్లర్ల దిక్కు చూశారు.

ఇక ఆ సన్మానం. టెంట్‌హౌస్ వాళ్ల స్టేజీ మీదికి ఫోటో కోసం నలభై మంది ఎక్కారు. కిర్రుమంది. సారు గబగబా దిగిపోయి, పరదా ఎత్తి, కింద ఇనుప కాళ్ల మధ్య ఏటవాలు కడ్డీలు ఉన్నాయా అని వంగి చూశారు. ఒక్కటీ లేదు. దిగండి, దిగండి అని చేతులూపారు. సంతోషంతో ఊపుతున్నారనుకుని పైవాళ్లు చప్పట్లు కొట్టారు.

చివరికి శాలువా పైనుంచి వంగి కప్పాల్సి వచ్చింది. ఫోటోలో సారు బట్టతల ఒక్కటే పడింది.