మెదక్ చర్చిని చూపించేది ఇలాగేనా?

మెదక్ చర్చికి తీసుకొచ్చే టూర్ల మీద నాకు చాలా కోపం ఉంది. హైదరాబాద్‌లో బస్సెక్కిస్తారు, గేటు దగ్గర దింపుతారు, 173 అడుగుల టవర్ కింద నిలబెట్టి "చార్మినార్ కన్నా ఎత్తు, నిజాంకు నచ్చలేదట" అని ఓ కథ చెబుతారు. ఇక ఫొటోలు దిగండి, అరగంటలో బస్సు కదులుతుంది. మా గుంపుతో వచ్చిన గైడూ అంతే. "ఇంత పెద్దది ఎవరు కట్టారు నాయనా?" అని ఓ పెద్దావిడ అడిగితే "ఇంగ్లీషు దొరలమ్మా" అని తేల్చేసి ముందుకు నడిచాడు.

ఆమె అడిగిందే అసలు ప్రశ్న. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మెథడిస్ట్ మిషనరీ పూనుకున్న మాట నిజం. 1914లో పని మొదలైంది. అటు ప్రపంచ యుద్ధం, ఇటు కరువు. ఊళ్లలో పనుల్లేవు, పొయ్యిలో పిల్లి లేవని ఇళ్లు. పని చూపించి తిండి పెట్టాలని ఈ కట్టడం ఎత్తుకున్నారు. రాళ్లు మోసింది చుట్టుపక్కల పల్లెల కరువు జనం. పదేళ్లు పట్టింది. 1924 డిసెంబర్ 25న తలుపులు తెరిచారు. ఇక్కడ మిషన్‌లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ వాడలవాళ్లు. ఊళ్లో గుడి గడప తొక్కనివ్వని రోజుల్లో ఇంతటి కట్టడంలోకి తలెత్తుకుని నడిచారు. ఆ మాట చెప్పకుండా టవర్ ఎత్తు చెబితే ఏం లాభం?

లోపలి రంగుటద్దాల కిటికీల సంగతి ఇంకా అన్యాయం. ఇంగ్లీషు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన అవి. బలిపీఠం వెనక ఏసు ఆరోహణం, అంటే పరలోకానికి ఎక్కిపోయే దృశ్యం, 1927లో వచ్చింది, జననం 1947లో, సిలువ 1958లో. అంటే మొదటిదానికీ చివరిదానికీ ముప్పై ఏళ్ల తేడా. చెప్పులు విడిచి ఓ పక్కన కూర్చుని పొద్దుటి ఎండలో చూడండి. వెలుగు బయటి నుంచి గాజులోకి దిగుతుంటే నీలం, ఎరుపు ఎలా విచ్చుకుంటాయో! బొమ్మలోని ముఖాలు ఒక్కొక్కటే తేలతాయి. పొద్దుగూకితే అది నల్లటి గాజుపలక, అంతే. మరి మధ్యాహ్నం భోజనాలు చేయించి, ఊళ్లో తిప్పి, చీకటి పడేవేళకు తీసుకొచ్చే టూర్లు దేనికండీ?

కోట ఊసే ఎత్తరు. కాకతీయుల నాటి కోట ఊళ్లోనే గుట్ట మీద ఉంది. ద్వారాల మీద సింహాలు, ఏనుగులు, పైన కుతుబ్‌షాహీల మసీదు, పదడుగుల పైచిలుకు ఫిరంగి. అటు కోట, ఇటు చర్చి చూస్తేగాని మెదక్ అంటే ఏమిటో అర్థం కాదు.

నడిపించాలంటే పొద్దున్నే కోట ఎక్కించండి. ఎండ ముదరకముందే దించి బజారు మీదుగా చర్చికి తీసుకురండి. లోపల గంట కూర్చోనివ్వండి. తాతముత్తాతలు ఈ రాళ్లు మోశారని ఇంట్లో విన్నవాళ్లు ఈ చర్చి సంఘంలో ఇప్పటికీ ఉంటారు. వాళ్లను వెతికి పట్టుకుని, డబ్బిచ్చి గైడ్లుగా పెట్టుకోండి. నూరేళ్ల పండుగ కూడా అయిపోయింది, ఇంకెప్పుడు అడుగుతారు వాళ్లను?