ఊహించనిదానికి సిద్ధపడటం అర్థంలేని పనా?

‘ఊహించనిదాన్ని ఊహించండి’ అనే సలహా తనను తానే కొట్టివేసుకుంటుందనీ, ఊహించామంటే అది ఇక ఊహించనిది కాదనీ, అందువల్ల తుపాన్లకు ముందస్తుగా పెట్టే ఖర్చంతా దండగనీ చెప్పే వాదన ఒకటి నెల్లూరు జిల్లాలో ఫోన్ల మీద తిరుగుతోంది. తీరంలో బతికేవారికి హాని చేసే వాదన ఇది.

మొదటిది, వైరుధ్యం సంగతి. ఒక ఆపద రకాన్ని ఊహించడం వేరు, అది వచ్చే రోజునూ దారినీ తీవ్రతనూ ఊహించడం వేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలమని మన మత్స్యకారులందరికీ తెలుసు. అయినా 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఎక్కడో థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, మధ్యలో నేలను దాటి మరీ ఇక్కడికి వస్తుందని ఆ కాలానికి ముందు ఎవరు అనుకోగలరు? 2021 నవంబరులో పైన కడప, చిత్తూరు జిల్లాల్లో కురిసిన వానలకు పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు కట్టను కోసేసింది. పెన్నాకు వరద రావడం కొత్త కాదు, ఆ చోట ఆ రోజు తెగడమే అనుకోనిది. ఈ రెండూ ఒకేసారి నిజం కావడంలో వైరుధ్యమేమీ లేదు.

రెండోది, రుజువుగా చూపుతున్న ఆకస్మిక పరీక్ష చిక్కుముడి. వచ్చే వారం చెప్పకుండా పరీక్ష పెడతానని మాస్టారు అంటే, చివరి రోజు దాకా ఆగితే ముందే తెలిసిపోతుంది కనుక ఆ రోజు కుదరదనీ, అదే లెక్కన దాని ముందు రోజూ కుదరదనీ వెనక్కి కొట్టివేస్తూ పోయి, అసలు పరీక్షే ఉండదని విద్యార్థి తేల్చుకుంటాడు. బుధవారం పరీక్ష పెడితే తెల్లబోయేది అతడే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో స్వీడన్ రేడియోలో వచ్చిన పౌర రక్షణ విన్యాసపు ప్రకటన నుంచే లెనార్ట్ ఎక్‌బోమ్ అనే గణితవేత్త ఈ చిక్కును గుర్తించాడు. ఆపద రాదని తర్కంతో నిరూపించుకున్నవాడే సిద్ధంగా లేకుండా దొరికిపోతాడని చూపే ఉదాహరణను, సిద్ధపడవద్దనడానికి వాడటం తలకిందుల పని.

మూడోది, ఏం వస్తుందో తెలియనప్పుడు దేనికి సిద్ధపడాలన్న ప్రశ్న. ఇందులో కొంత న్యాయం ఉంది: 2004 డిసెంబరు 26న సునామీ వచ్చేనాటికి మనకు దాన్ని హెచ్చరించే వ్యవస్థ లేదు, హైదరాబాద్‌లో ఆ కేంద్రం 2007లో ఏర్పడింది. కానీ మెరక మీద గట్టి భవనం, ఊరు దాటే బాట, నడవలేని ముసలివాళ్ల జాబితా తుపానుకూ వరదకూ సునామీకీ కూడా పనికొస్తాయి. పెన్నా మీది సోమశిల జలాశయం నిండుకుండలా ఉండాలని రైతు కోరుకోవడం సహజమే. పైనుంచి ఎంత నీరు వస్తుందో తెలియదు కనుకనే వానల కాలంలో అందులో కొంత ఖాళీ ఉంచాలి. ఆ ఖాళీ ఎంత ఉండాలో వాదించుకుందాం, అసలు అక్కర్లేదనే మాటను మాత్రం ఒప్పుకోలేం.